ఈఎక్స్‌ఆర్ రెండర్‌ను పీఎన్‌జీగా, జేపెగ్‌గా మార్చే పద్ధతి

బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో రెండర్ చేసి (అంటే దృశ్యాన్ని చిత్రంగా తయారుచేసి) ఓపెన్ ఈఎక్స్‌ఆర్ ఫైలుగా భద్రపరచిన చిత్రాన్ని చేతికందిన కన్వర్టర్‌తో జేపెగ్‌గా మార్చి చూసినవారు చాలామంది ఆందోళన పడతారు. రెండర్ విండోలో మృదువుగా కనిపించిన ఆకాశం తెల్లగా వెలిసిపోయి, మిగిలిన రంగులు మొరటుగా తేలుతాయి. అయితే అసలు ఫైలుకు ఏ హానీ జరగలేదు.

ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ సంస్థ రూపొందించి 2003లో అందరికీ విడుదల చేసిన ఈ ఫార్మాట్, దృశ్యంలోని కాంతి విలువలను 16 లేదా 32 బిట్ల ఫ్లోటింగ్ పాయింట్ సంఖ్యలుగా దాచుతుంది. తెల్ల కాగితం విలువ 1కి దగ్గరగా ఉన్న దృశ్యంలోనే కిటికీలోంచి పడే ఎండ 20 కావచ్చు, వెలుగుతున్న బల్బు 100 దాటవచ్చు. సాధారణ కన్వర్టర్ 1కి మించినదంతా కత్తిరించి తెలుపు చేసేస్తుంది. మనం తెరపై చూసిన మృదుత్వం బ్లెండర్‌లోని వ్యూ ట్రాన్స్‌ఫామ్, అంటే కాంతి విలువలను తెరకు తగిన రంగులుగా మార్చే సెట్టింగ్, కల్పించినది. పాత వెర్షన్లలో అది ఫిల్మిక్, 4.0 నుంచి డిఫాల్ట్‌గా ఏజీఎక్స్. అందువల్ల మార్పిడిని కూడా బ్లెండర్‌లోనే, వీలైతే రెండర్ చేసిన అదే ప్రాజెక్టు ఫైలులో చేయడం ఉత్తమం; వ్యూ ట్రాన్స్‌ఫామ్, ఎక్స్‌పోజర్, లుక్ సెట్టింగులు అందులో అలాగే ఉంటాయి.

ఇమేజ్ ఎడిటర్‌లో ఈఎక్స్‌ఆర్‌ను తెరిచి, పక్క ప్యానెల్‌లో కలర్ స్పేస్ లీనియర్‌గా ఉన్నదని నిర్ధారించుకుని, వ్యూ యాజ్ రెండర్‌ను టిక్ చేయండి. చిత్రం మీరు కోరుకున్నట్టు కనిపించాక ఇమేజ్ మెనూలో సేవ్ యాజ్‌కు వెళ్లి, ఫార్మాట్ ఎంచుకుని, సేవ్ యాజ్ రెండర్ టిక్ అయి ఉన్నదో లేదో తప్పక చూడండి. ఫలితమంతా ఆ ఒక్క గడి మీదే ఆధారపడి ఉంటుంది.

తరువాత రంగులు సరిదిద్దే ఉద్దేశం ఉంటే 16 బిట్ల పీఎన్‌జీ తీసుకోండి. 8 బిట్లలో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉండడం వల్ల, సాయంకాలపు ఆకాశం వంటి నునుపైన చోట్ల చారలు పడతాయి. ఎవరికైనా పంపడానికి మాత్రమే అయితే 90 క్వాలిటీతో జేపెగ్ చాలు, కానీ అందులో పారదర్శకత నిలవదు. నేపథ్యం లేని చిత్రానికి, రంగులతోపాటు పారదర్శకతనూ దాచే ఆర్‌జీబీఏ పీఎన్‌జీయే కావాలి. ఈఎక్స్‌ఆర్‌లో రంగు విలువలు సాధారణంగా ఆల్ఫాతో (పారదర్శకతను తెలిపే విలువతో) గుణించి ఉంటాయి, పీఎన్‌జీలో ఉండవు; ఈ తేడాను పట్టించుకోని కన్వర్టర్లలో వెంట్రుకల అంచుల చుట్టూ నల్లని గీత వస్తుంది, బ్లెండర్ మాత్రం దానిని తానే సరిచేస్తుంది.

దూరాన్ని నమోదు చేసే డెప్త్, ఉపరితలాల దిశను నమోదు చేసే నార్మల్ పాస్‌లను (రెండర్‌తోపాటు వచ్చే అదనపు పొరలను) ఈ విధంగా మార్చకండి. అవి కొలతలు, వాటికి వ్యూ ట్రాన్స్‌ఫామ్ తగిలితే విలువలు తప్పుతాయి. వాటిని ఈఎక్స్‌ఆర్‌గానే ఉంచండి.

యానిమేషన్ ఫ్రేములు వందల్లో ఉంటే బ్లెండర్‌లో చిత్రాలను నోడ్లతో కలిపి సవరించే కంపోజిటర్‌లో ఇమేజ్ నోడ్‌కు ఆ ఫ్రేముల సీక్వెన్స్‌ను ఇచ్చి, దానిని అవుట్‌పుట్ నోడ్‌కు కలిపి, రిజల్యూషన్‌ను, మొదటి, చివరి ఫ్రేములను అసలుకు సరిపోల్చి, అవుట్‌పుట్‌ను పీఎన్‌జీగా పెట్టి రెండర్ యానిమేషన్ నొక్కండి. అలా వచ్చిన పీఎన్‌జీలనే మళ్లీ బ్లెండర్‌లోకి తెచ్చి వీడియోగా కూర్చేటప్పుడు వ్యూ ట్రాన్స్‌ఫామ్‌ను స్టాండర్డ్‌కు మార్చండి. లేకపోతే ఏజీఎక్స్ రెండోసారి పడి రంగులన్నీ పాలిపోతాయి.