పడ్డాక మళ్ళీ బండెక్కడం – 3వ పాఠం: ముందు బ్రేకు

మొదటి వారం బండినీ హెల్మెట్‌నీ చూసుకున్నాం. రెండో వారం ఇంజన్ స్టార్ట్ చెయ్యకుండా బండిని తోసుకుంటూ వీధి చివరిదాకా వెళ్ళొచ్చాం. ఆ రెండూ చెయ్యనివాళ్ళు ఈ పాఠం చదవచ్చు గానీ బండి ఇప్పుడే బయటికి తియ్యొద్దు. ముఖ్యంగా హెల్మెట్ సంగతి మళ్ళీ చెప్తున్నాను. పడ్డప్పుడు నేలకి తగిలిన హెల్మెట్ పైకి నిక్షేపంగా కనిపిస్తుంది. లోపల థర్మాకోల్ లాంటి పొర ఒకసారి నలిగితే మళ్ళీ పొంగదు, రెండో దెబ్బని ఆపలేదు. ఐఎస్ఐ గుర్తున్న కొత్తది కొన్నాకే ముందుకి. హ్యాండిల్ కూడా అంతే. బండి నేరుగా పోతున్నా హ్యాండిల్ ఒక పక్కకి తిరిగి ఉందంటే పడ్డప్పుడు ఫోర్కు పక్కకి జరిగిందని అర్థం. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళండి. అలాంటి బండి మీద ఎంత ప్రాక్టీసు చేసినా భయం పోదు, పోకూడదు కూడా.

ఈ వారం పాఠమంతా ముందు చక్రం బ్రేకుని నొక్కే కుడిచేతి రెండు వేళ్ళ గురించి.

నేను పడింది బెంగళూరులో మారతహళ్ళి దగ్గర, ఔటర్ రింగ్ రోడ్డు నుంచి సర్వీస్ రోడ్డులోకి ఎడమకి తిరిగే చోట. సాయంత్రం ఏడు దాటింది. పాతిక స్పీడు కూడా లేదు. ఎవరో తవ్వి, పూడ్చి, సన్న కంకర అలాగే వదిలేసి పోయారు. ముందున్న ఆటో సవారీ కోసం ఠక్కున ఆగింది. హ్యాండిల్ ఎడమకి తిరిగి ఉండగానే నాలుగు వేళ్ళతో ముందు బ్రేకు పట్టి లాగేశాను. ఒక క్షణం నేను బండి మీద ఉన్నాను, మరుక్షణం బండి నా కాలి మీద ఉంది. అరచెయ్యి గీరుకుపోయింది, మోకాలు వాచింది, ఎడమ అద్దం విరిగింది. లెక్కలోకి తీసుకోవాల్సిన దెబ్బలు కావు.

ఆ ఆటో డ్రైవరే పరిగెత్తుకొచ్చి బండి లేపాడు. "ఏనాయ్తు సార్?" అని కన్నడంలో మొదలుపెట్టి, నేను ఫోన్లో మా ఆవిడతో మాట్లాడటం విని తెలుగులోకి దిగాడు. కోలార్ వైపు మనిషి. "హ్యాండిల్ తిరిగినప్పుడు ముందు బ్రేకు ముట్టొద్దు సార్, కంకర మీద అసలే ముట్టొద్దు" అన్నాడు. బంగారం లాంటి మాట. కానీ నేను అందులో 'ముందు బ్రేకు ముట్టొద్దు' అన్న మూడు ముక్కలే ఇంటికి తెచ్చుకున్నాను.

నెల తిరక్కముందే ఆఫీసుకి బండి మీద పోవడం మొదలెట్టాను. భయం పోయిందని అందరికీ చెప్పాను, నేనూ నమ్మాను. ఒకరోజు సిల్క్ బోర్డ్ దగ్గర సిటీ బస్సు వెనక ఆపాల్సి వచ్చింది. వెనక బ్రేకు మీద నిలబడ్డంత పని చేశాను. వెనక టైరు కీచుమంటూ జారింది, బండి ఆగేసరికి బస్సు బంపరుకీ నా ముందు చక్రానికీ మధ్య జానెడు సందు. అప్పుడు నా కుడిచెయ్యి చూసుకున్నాను. నాలుగు వేళ్ళూ యాక్సిలరేటర్ గ్రిప్పుని ఉడుములా పట్టుకుని ఉన్నాయి. బ్రేకు లివర్ మీద ఒక్క వేలు కూడా లేదు. నాలుగు నెలలుగా అది వాడనేలేదని ఆ రోజు తెలిసింది.

పోయిన చోటే వెతుక్కోవాలంటారు కదా. నేను ధైర్యం కోసం ఎక్కడెక్కడో వెతికాను. యూట్యూబులో వెతికాను, పూజ చేయించిన నిమ్మకాయల్లో వెతికాను. పోయింది బ్రేకు లివర్ దగ్గర. మీది ఇంకోచోట పోయి ఉండొచ్చు: మలుపులో, రాంప్ మీద, తడి రోడ్డు మీద. కానీ బ్రేకు మీద నమ్మకం లేకుండా మిగతావేవీ బాగుపడవు కాబట్టి అందరం ఇక్కడి నుంచే.

ముందు చక్రం బ్రేకు ఎందుకంత ముఖ్యమో చూద్దాం. బ్రేకు వెయ్యగానే బరువంతా ముందుకి తూలుతుంది. బస్సు ఆగినప్పుడు నిలబడ్డవాళ్ళందరూ ముందుకి వచ్చి పడతారు చూడండి, అలా. ఆ బరువు ముందు టైరుని రోడ్డుకి అదుముతుంది, అదిమినకొద్దీ పట్టు పెరుగుతుంది. అదే సమయంలో వెనక టైరు తేలికవుతుంది. అందుకే గట్టిగా ఆపాల్సినప్పుడు పనిలో సగానికి పైగా ముందు బ్రేకే చెయ్యాలి. వెనకదాన్నే నమ్ముకుంటే బండి ఆగడానికి ఇంచుమించు రెట్టింపు దూరం పడుతుంది, నా బస్సు కథలోలాగా.

కిటుకంతా ఇక్కడుంది. బరువు ముందుకి రావడానికి అరక్షణం పడుతుంది. ఆ లోపే లివర్‌ని పట్టి గుంజితే, ఇంకా బరువు పడని టైరు బిగుసుకుపోయి జారుతుంది. మా ఊరు మదనపల్లె దగ్గర. ఇంట్లో ఆవులుండేవి. పాలు పితకడం నేర్పేటప్పుడు అమ్మ ఒక్కటే చెప్పేది: లాగొద్దు, పైవేలి నుంచి ఒక్కొక్క వేలే బిగించుకుంటూ రా. లాగితే ఆవు తంతుంది. బ్రేకు లివర్ కూడా అదే రకం జంతువు. మొదట ఖాళీ తిరుగుడు అయిపోయి ప్యాడ్ డిస్కుకి ఆనుతుంది, అది వేలికి తెలుస్తుంది. అక్కడ ఒక్క చిటికె ఆగి, ఆ తర్వాత బిగిస్తూ పోవాలి. మొత్తం కలిపి 'ఒకటీ... రెండూ' అనేంత సేపు.

చోటు, వేళ. ఆదివారం పొద్దున ఆరు, ఆరున్నర. ఆఫీసులుండే ప్రాంతాల లోపలి రోడ్లు ఆ వేళ ఖాళీ. మేం వైట్‌ఫీల్డ్‌లో ఈపీఐపీ అనే ఇండస్ట్రియల్ పార్కు లోపలికి వెళ్తాం. మీకు దగ్గర్లో సగం కట్టిన లేఅవుట్ ఉంటే ఇంకా మంచిది, కుక్కలు లేవని ముందు నడిచి చూసుకోండి. రోడ్డు పొడిగా ఉండాలి. వేసవి మొదట్లో కానుగ పూలు రోడ్డంతా పరుచుకుంటాయి, చూడ్డానికి బాగుంటాయి గానీ చక్రం కింద జారతాయి. చాలారోజుల ఎండ తర్వాత మొదటి వాన పడిన రోజైతే అసలు వద్దు. దుమ్మూ నూనే కలిసి పైకి తేలి రోడ్డు సబ్బు రాసినట్టుంటుంది.

ఒక సుద్దముక్క, సగం నీళ్ళు పోసిన రెండు ప్లాస్టిక్ సీసాలు, వెనకాముందూ చూడ్డానికి ఒక మనిషి. బూట్లు, గ్లవుజులు, నిండు ప్యాంటు.

సీసాలని రోడ్డుకి అడ్డంగా రెండు మీటర్ల ఎడంతో పెట్టండి. అది మీ గేటు. ముప్పై అడుగుల దూరం నుంచి పదిహేను స్పీడులో నేరుగా వచ్చి, గేటు దాటగానే వెనక బ్రేకు ఒక్కదానితో ఆపండి. ఇది మీకు వచ్చిందే, అయినా ఐదుసార్లు చెయ్యండి. ఒంటికి పాత సంగతులు గుర్తు రావాలి. తర్వాత మనిషి నడిచేంత నెమ్మదిగా వచ్చి, చూపుడువేలు, మధ్యవేలు మాత్రమే వాడి ముందు బ్రేకు. మిగతా రెండు వేళ్ళూ గ్రిప్పు మీద. హ్యాండిల్ వెంట్రుకవాసి కూడా తిరిగి ఉండకూడదు. ఇక్కడ చాలామందికి గుండె దడ వస్తుంది. రానివ్వండి, నడక స్పీడులో ఏమీ కాదు. పదిసార్లు చేసేసరికి బోర్ కొడుతుంది. బోర్ కొట్టాకే తర్వాతది: ఇరవై స్పీడు, రెండు బ్రేకులూ కలిపి.

ఆగిన ప్రతిసారీ ముందు చక్రం దగ్గర సుద్దతో గీత గియ్యండి. పొడి తారు రోడ్డు మీద, టైర్లు బాగుంటే, రెండు బ్రేకులూ కుదిరితే ఇరవైలో వచ్చే బండి మూడు మీటర్లలోపే ఆగుతుంది. నలభైలో పది మీటర్లు పడుతుంది. స్పీడు రెండింతలైతే దూరం నాలుగింతలు. పైగా అది బ్రేకు పడ్డాక లెక్క. కన్ను చూసి వేలు కదిలేలోపు పోయే దూరం వేరే. 36 కిలోమీటర్ల స్పీడంటే సెకనుకి 10 మీటర్లు. వేళ్ళు గ్రిప్పు మీద నుంచి లివర్ మీదికి రావడానికి అరసెకను పట్టినా 5 మీటర్లు పోయినట్టే. అందుకే ట్రాఫిక్‌లో రెండు వేళ్ళు ఎప్పుడూ లివర్ మీద తేలిగ్గా ఆనించి ఉంచమంటాను.

కళ్ళ గురించి ఒక మాట. పడ్డవాళ్ళందరిదీ ఒకటే అలవాటు: ముందు చక్రానికి రెండడుగుల ముందు నేలనే చూస్తుంటారు, కంకర ఉందేమోనని. ఎటు చూస్తే బండి అటే పోతుంది. దూరంగా ఒక చెట్టు మొదలో గోడో ఎంచుకుని, బండి పూర్తిగా ఆగేదాకా అక్కడే చూడండి. మోకాళ్ళతో ట్యాంకుని పట్టుకోండి, అప్పుడు చేతుల మీద బరువు పడదు.

స్కూటర్‌కి ట్యాంకు లేదు కదా అని అడిగింది మా కింది ఇంటి అక్క. అనంతపురం వాళ్ళు. అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్ రాంప్ తడిగా ఉన్నప్పుడు జారిపడి, రెండు నెలలు స్కూటర్‌కి కవరు కప్పి పెట్టేసింది. పోయిన ఆదివారం తీసుకెళ్ళాను.

"ముందు బ్రేకేస్తే పల్టీ కొడతాం గదప్పా?"

"గుంజితే కొడతావక్కా. పిండితే కొట్టవు."

"నువ్వు పడింది దాంతోనే అంటివే!"

"తిప్పి గుంజినా. రెండూ తప్పే."

నమ్మలేదు. స్కూటర్ మీద పాదాలు రెండూ ఫుట్‌బోర్డు మీద దిట్టంగా ఉంచి, నడుము నిటారుగా పెట్టమన్నాను. అది చేసింది గానీ భుజాలు చెవుల దగ్గరే ఉన్నాయి. ఊపిరి బిగబట్టిందని దూరం నుంచే తెలుస్తోంది. బిగబట్టిన మనిషి వేళ్ళు మెల్లగా బిగుసుకోవు, ఒకేసారి కొరుకుతాయి. మాట్లాడుతూ ఎవరూ ఊపిరి బిగబట్టలేరు కాబట్టి పైకి లెక్కపెడుతూ బ్రేకు వెయ్యమన్నాను. ఆవిడ గేటు దాటగానే "లాభం... రెండు..." అంది. బియ్యం కొలిచేటప్పుడు లెక్కపెట్టినట్టు! నాకు నవ్వాగలేదు, ఆవిడకీ నవ్వొచ్చింది, ఆ నవ్వులో భుజాలు దిగిపోయాయి. మొదటి గీత గేటుకి ఏడంగల దూరంలో పడింది. ఎనిమిదో గీత నాలుగంగల్లో.

ఆవిడ స్కూటర్‌కి ఎడమ లివర్ నొక్కినా రెండు చక్రాలకీ కొంత కొంత బ్రేకు పడుతుంది. దాన్నే కాంబీ బ్రేకు అంటారు. 2019 ఏప్రిల్‌లో 125 సీసీ దాకా కొత్త బండ్లకి కనీసం అది, అంతకు మించినవాటికి ఏబీఎస్ తప్పనిసరి చేశారు. ఏబీఎస్ బండి ఉన్నవాళ్ళు ఈ పాఠం దాటెయ్యొద్దు. గట్టిగా లాగినా చక్రం బిగుసుకోకుండా అది చూస్తుంది, నిజమే. కానీ మలుపులో పక్కకి ఒరిగిన బండిని కంకర మీద నిలబెట్టే శక్తి దానికి లేదు. మీ బండిది సింగిల్ ఛానలా, డబులా అన్నది కూడా చూసుకోండి. సింగిల్ అయితే సాధారణంగా అది ముందు చక్రానికే ఉంటుంది, వెనకది జారే అవకాశం అలాగే ఉంటుంది.

అరగంట చాలు. మణికట్టు నొప్పి పుట్టాక చేసేది ప్రాక్టీసు కాదు, పంతం.

పడ్డాక మొదటి రెండు మూడు వారాలు కలలో పడటం, హారన్‌కి ఉలిక్కిపడటం చాలామందికి ఉంటుంది, వాటంతట అవే తగ్గుతాయి. నెల దాటినా నిద్ర పట్టకపోయినా, బండి వాసనకే చెమటలు పడుతున్నా అది బ్రేకు పాఠంతో పోయే టెన్షన్ కాదు. 14416కి ఫోన్ చేస్తే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌లో తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బులేమీ తీసుకోరు. బెంగళూరులో ఉన్నవాళ్ళకి బీటీఎం లేఅవుట్‌లో నిమ్హాన్స్ మానసిక వైద్యశాల వాళ్ళ వెల్‌బీయింగ్ సెంటర్ కూడా ఉంది. తలకి దెబ్బ తగిలి తర్వాత వాంతులు, తగ్గని తలనొప్పి ఉంటే మాత్రం ఇవేవీ కాదు, నేరుగా ఆసుపత్రికి.

ఇంటి పని. రెండు ఆదివారాలు ఇదే చెయ్యండి. గీతలన్నీ ఒకే జానెడు లోపల పడేదాకా స్పీడు పెంచొద్దు. ఒక్కసారి దగ్గరగా ఆపడం కంటే పదిసార్లు ఒకే చోట ఆపడం గొప్ప. మధ్యలో ఒకరోజు, బండి లేకుండా, మీరు పడిన చోటికి నడిచి వెళ్ళి రండి. నేను వెళ్ళినప్పుడు అక్కడ కంకర లేదు, తారు వేసేశారు, పక్కన ఒకాయన కొబ్బరిబోండాలు అమ్ముకుంటున్నాడు. ఒకటి తాగొచ్చాను.

వచ్చే పాఠం మలుపులూ ఇసుకా. దానికి అర బకెట్ ఇసుక కావాలి. కొనక్కర్లేదు, ఈ ఊళ్ళో ప్రతి వీధిలోనూ ఎవరో ఒకరు ఇల్లు కడుతూనే ఉంటారు, మేస్త్రిని అడిగితే ఇస్తాడు. చీపురు కూడా తెచ్చుకోండి. మనం పరిచిన ఇసుక మీద ఇంకొకరు పడకూడదు.