నికెల్ పూత ఉన్న తూటా కేసింగులను మళ్లీ వాడే ముందు ఎలా పరీక్షించాలి?

అమెరికాలో గురి సాధన చేసేవారు చాలామంది పేల్చిన తూటాల ఖాళీ ఇత్తడి కేసింగులను ఏరుకుని, శుభ్రం చేసి మళ్లీ వాడుకుంటారు. వాటిలో వెండిలా మెరిసేవి సాధారణంగా నికెల్ పూత వేసినవి. పాయింట్ 38 స్పెషల్ వంటి రివాల్వర్ తూటాలు తోలు బెల్టులో నెలల తరబడి ఉన్నా చిలుము పట్టకుండా ఈ పూత కాపాడుతుంది. అయితే నికెల్‌కు ఇత్తడి కన్నా గట్టిదనం ఎక్కువ, సాగే గుణం తక్కువ. అందువల్ల ఈ కేసింగులు మూతి దగ్గర త్వరగా చీలుతాయి. తూటాలో నింపే పేలుడు మందు కొలతలు తయారీదారుల తాజా మాన్యువల్‌లోనే చూడాలి కనుక వాటి జోలికి ఇక్కడ వెళ్లడం లేదు. మన దేశంలోనైతే లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం 1959 నాటి ఆయుధాల చట్టం కింద నేరం.

ముందుగా నికెల్ కేసింగులను మామూలు ఇత్తడివాటి నుంచి వేరుచేయండి. అల్యూమినియంవి కూడా తెల్లగానే ఉంటాయి కానీ చేతిలోకి తీసుకోగానే తేలికదనం తెలిసిపోతుంది; వాటిని పక్కన పెట్టేయండి.

తరువాత మొక్కజొన్న కంకుల పొడి వేసిన, కేసింగులను దొర్లించి శుభ్రం చేసే యంత్రమైన టంబ్లర్‌లో కొద్దిసేపు మాత్రమే తిప్పండి, ఎక్కువసేపు తిప్పితే పూత అరిగిపోతుంది. ప్రైమర్ (కేసింగు అడుగున ఉండి మందును రగిలించే చిన్న భాగం) మసిలో సీసం ఉంటుంది కాబట్టి మూత బిగించి, ఆరుబయట, చేతి తొడుగులతోనే ఈ పని చేయాలి. అమ్మోనియా కలిసిన పాలిష్ ద్రవాలు అసలే వద్దు. బ్రిటిష్ పాలనలో మన దేశంలోనే, వర్షాకాలంలో గుర్రపుశాలల్లో నిల్వ ఉంచిన తూటాల కేసింగులు వాటంతటవే పగిలిపోయేవి. గుర్రాల మూత్రం నుంచి వెలువడిన అమ్మోనియా, లోహంలో మిగిలిపోయిన ఒత్తిడి కలిసి ఆ పగుళ్లు తెచ్చాయని 1921లో తేల్చారు.

ఇక అసలు పరీక్ష. నాలుగైదు కేసింగులను అరచేతిలో వేసి గలగలలాడించండి: చీలినది ఉంటే మోత బొంగురుగా వినిపిస్తుంది. ఆపైన ఒక్కొక్కదాని మూతిని మంచి వెలుతురులో, భూతద్దంతో చూడండి. రైఫిల్ కేసింగు అయితే, కొన వంచిన సన్నని తీగను లోపలి గోడ వెంట అడుగు దాకా జార్చి చూడాలి. గాడిలా తగిలితే అక్కడ గోడ పలచబడిందని అర్థం. పూత పొక్కులు లేచి రాలుతున్న కేసింగును కూడా ఉంచుకోకూడదు, ఎందుకంటే ఆ పెచ్చులు డైలో (కేసింగును తిరిగి సరైన ఆకారానికి నొక్కే అచ్చులో) ఇరుక్కుని తరువాత వచ్చే ప్రతి కేసింగునూ గీరుతాయి. డైలను తరచూ విప్పి తుడవడం ఈ కారణంగానే అవసరం.

పనికిరానివాటి మూతిని పట్టకారుతో నొక్కి చప్పిడి చేసిన తరువాతే పాత ఇత్తడిలో వేయండి. అలా చేస్తే అవి పొరపాటున మళ్లీ మంచివాటిలో కలవవు.