చదివిన భాగాలు మళ్ళీ మొదటికొస్తే: ఆన్‌లైన్ సీరియల్ పాఠకుల సమస్య - పరిష్కారం

నెల్లూరులో మాది మొబైల్ సర్వీసింగ్ షాపు. పగిలిన స్క్రీన్లు, ఛార్జింగ్ ఎక్కని ఫోన్ల తర్వాత నా దగ్గరికి ఎక్కువగా వచ్చే కంప్లైంటు ఇది. "అన్నా, ఎనభై భాగాలు చదివినా. ఇప్పుడు మళ్ళీ మొదటి భాగం చూపిస్తా ఉంది. యాడ ఆపినానో గుర్తు రాలా." అడిగేవాళ్ళలో ఎక్కువమంది ఇంటి పనంతా ముగించుకుని రాత్రి పదింటికి ఒక గంట సీరియల్ చదువుకునే అమ్మలు, అక్కలు. రోజు మొత్తంలో వాళ్ళకంటూ మిగిలేది ఆ గంటే. అందులో సగం వెతుక్కోవడానికే పోతే ఎంత చిరాకో నాకు తెలుసు.

ముందుగా ఒక మాట. సీరియల్ చదివే యాప్‌ను తీసేసి మళ్ళీ వేయకండి. ఫోన్ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి ఆ యాప్ 'స్టోరేజ్ క్లియర్' నొక్కకండి. 'కాష్ క్లియర్' నొక్కితే సాధారణంగా నష్టం లేదు, 'స్టోరేజ్' నొక్కితే మాత్రం లాగిన్‌తో సహా ఫోన్‌లో దాచుకున్నదంతా పోతుంది. మీరు ఎంతవరకూ చదివారనే సమాచారం యాప్ వాళ్ళ సర్వర్‌కు ఇంకా చేరకపోయి ఉంటే, అది ఇక రాదు. షాపుకి వచ్చేవాళ్ళలో చాలామంది ఈ రెండు పనులూ చేసేసి, ఆ తర్వాతే వస్తున్నారు.

లైబ్రరీ (యాప్‌లో మీ సీరియళ్ళ జాబితా) ఖాళీగా ఉంది, చదివిన సీరియల్ ఏదీ కనపడటం లేదు

మీరు వేరే అకౌంట్‌లో ఉన్నారు. దాదాపు ప్రతిసారీ ఇదే. ప్రొఫైల్ బొమ్మ నొక్కి, అక్కడున్న మెయిల్ ఐడీ గానీ ఫోన్ నంబరు గానీ చూడండి. పది సెకన్ల పని. దీన్ని వదిలేసి మిగతావన్నీ చేసి వస్తారు.

కొత్త ఫోన్ కొన్నప్పుడు ఇది ఎక్కువగా జరుగుతుంది. పాత ఫోన్‌లో గూగుల్ అకౌంట్‌తో లాగిన్ అయి ఉంటారు. కొత్తదాంట్లో ఓటీపీ తేలికని ఫోన్ నంబరు ఇస్తారు. యాప్ లెక్కలో మీరు కొత్త మనిషి. లేదా ఇంట్లో అబ్బాయి తన జీమెయిల్ కూడా అమ్మ ఫోన్‌లో పెట్టి ఉంటాడు. 'గూగుల్‌తో కొనసాగించు' అనగానే రెండు మెయిళ్ళు కనిపిస్తాయి, పైనున్నది నొక్కేస్తారు.

పాత లాగిన్ ఏదో గుర్తు లేకపోతే, గూగుల్ అకౌంట్ సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ కింద, ఆ మెయిల్‌తో ఏ యాప్‌లలోకి వెళ్ళారో జాబితా ఉంటుంది. ఫోన్‌లో ఉన్న ప్రతి మెయిల్‌కీ విడిగా చూడండి. ఫేస్‌బుక్ సెట్టింగ్స్‌లో 'యాప్స్ అండ్ వెబ్‌సైట్స్' దగ్గరా ఇలాంటి జాబితానే ఉంటుంది. దొరికాక ఇప్పుడున్న దాంట్లోంచి లాగౌట్ అయి, పాతదానితో వెళ్ళండి. కొత్తగా పుట్టిన అకౌంట్‌ను వెంటనే డిలీట్ చేయకండి. భాగాలు తెరవడానికి అందులో డబ్బు పెట్టి కాయిన్లు కొని ఉంటే అవీ దాంతోపాటే పోతాయి.

అకౌంట్ సరైనదే. లైబ్రరీలో సీరియల్ ఉంది. కానీ చాలా వెనకటి భాగం దగ్గర ఆగిపోయింది

నన్ను బాగా ఏడిపించింది ఇదే.

కావలిలో మా పిన్ని ఉంది. ఫోన్ చేసి, "అబ్బయా, నేను యాభై ఎనిమిదో భాగం చదువుతుంటే ఇది ముప్పై ఒకటి దగ్గరే ఉంటంది, ఏందిరా ఇది?" అంది. అకౌంట్ చూశాను, సరిగ్గానే ఉంది. సింక్ (ఫోన్‌లోది సర్వర్‌కు చేరడం) సమస్య అనుకుని లాగౌట్ చేసి లాగిన్ చేయించాను. మారలేదు. యాప్ తీసేసి మళ్ళీ వేశాను. అదీ కుదరలేదు, పైగా ప్రయాణాల్లో చదువుకోవడానికి ఆమె దించి పెట్టుకున్న వేరే సీరియళ్ళు కూడా పోయాయి. "పోన్లే నాయనా" అంది గానీ, నాకు రెండు రోజులు మనసు బాగాలేదు.

ఆదివారం కావలి వెళ్ళి, ఆమె పక్కన కూర్చుని, "పిన్నీ, నువ్వు రోజూ ఎట్టా తెరుస్తావో అట్టాగే తెరువు" అన్నాను. ఆమె అసలు యాప్ జోలికే పోలేదు. ఆ రచయిత్రి ప్రతి సాయంత్రం కొత్త భాగం లింకును సోషల్ మీడియాలో పెడుతుంది. పిన్ని ఆ లింకు నొక్కింది, కథ తెరుచుకుంది, చదవడం మొదలుపెట్టింది. ముప్పై ఒకటో భాగం దాకా యాప్‌లో చదివింది. ఆ రచయిత్రి పేజీని ఫాలో అయిన రోజు నుంచి అన్నీ లింకుల్లోనే.

ఇక్కడే ఉంది కిటుకు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ లాంటి వాటిలో లింకు నొక్కితే, అది తరచుగా మీ సీరియల్ యాప్‌లోనూ, క్రోమ్‌లోనూ తెరుచుకోదు. ఆ యాప్‌కు లోపలే ఒక చిన్న బ్రౌజర్ ఉంటుంది, అందులో తెరుచుకుంటుంది. మీరు సీరియల్ యాప్‌లో లాగిన్ అయినా, క్రోమ్‌లో లాగిన్ అయినా, ఆ సంగతి ఈ లోపలి బ్రౌజర్‌కు తెలియదు. అక్కడ మీరు పేరు లేని అతిథి. అతిథి ఎన్ని భాగాలు చదివినా మీ అకౌంట్‌లోకి ఒక్కటీ చేరదు. చూడటానికి పేజీ అచ్చం అదే కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

గుర్తుపట్టడం ఇలా: కథ తెరుచుకున్నాక స్క్రీన్ పై అంచు చూడండి. ఎడమ మూల ఇంటూ గుర్తు, పక్కన సైటు చిరునామా, కుడివైపు మూడు చుక్కలు ఉండి, వెనక్కి వస్తే మళ్ళీ ఆ పోస్టు దగ్గరికే వస్తే, మీరు లోపలి బ్రౌజర్‌లో ఉన్నట్టే. పేజీలో ఎక్కడైనా 'లాగిన్' అని కనబడితే ఇక సందేహం అక్కర్లేదు.

అప్పటికప్పుడు చేయాల్సింది: ఆ మూడు చుక్కలు నొక్కి, బయటి బ్రౌజర్‌లో తెరిచే ఆప్షన్ ఎంచుకోండి. శాశ్వతంగా కావాలంటే, ఆండ్రాయిడ్ ఫేస్‌బుక్‌లో సెట్టింగ్స్‌లోకి వెళ్ళి 'మీడియా' దగ్గర, లింకులు బయట తెరుచుకోవాలనే స్విచ్ ఉందేమో చూసి ఆన్ చేయండి. టెలిగ్రామ్‌లోనైతే చాట్ సెట్టింగ్స్‌లో 'ఇన్-యాప్ బ్రౌజర్' ఆఫ్ చేయండి. తర్వాత ఫోన్ సెట్టింగ్స్‌లో యాప్స్‌లోకి వెళ్ళి, మీ సీరియల్ యాప్ ఎంచుకుని, 'ఓపెన్ బై డీఫాల్ట్' కింద లింకులు తెరిచే అనుమతి ఆన్‌లో ఉందో లేదో చూడండి. అది ఆన్‌లో ఉంటే వాట్సాప్‌లో ఎవరైనా పంపిన లింకు కూడా నేరుగా యాప్‌లోకే వెళుతుంది. ఒక్క లింకు నొక్కి పరీక్షించుకుని, చదివి, లైబ్రరీలో భాగం నంబరు కదిలిందో లేదో చూసి అప్పుడు నమ్మండి.

మరి పోయిన ముప్పై రెండు నుంచి యాభై ఎనిమిది? అవి వాటంతట అవి రావు. యాప్‌లో నేరుగా యాభై ఎనిమిదో భాగం తెరిచి, చివరి వరకూ స్క్రోల్ చేయండి. కొన్ని యాప్‌లు అడుగుదాకా వెళితేనే చదివినట్టు లెక్కేస్తాయి.

ఎక్కడ ఆపారో మీకే గుర్తు లేకపోతే, మొదటి నుంచి ఒక్కో భాగం తిప్పుకుంటూ కూర్చోకండి. 120 భాగాల సీరియల్ అనుకుందాం. అరవయ్యోది తెరిచి నాలుగు వాక్యాలు చదవండి. తెలిసిన కథే అయితే తొంభైకి వెళ్ళండి, తెలియకపోతే ముప్పైకి రండి. మళ్ళీ మిగిలినదాంట్లో సగం. ఇలా ఏడుసార్లు తెరిచేలోపు మీరు ఆపిన భాగం దొరుకుతుంది. పిన్నికి ఇది నేర్పాక, ఇప్పుడు వాళ్ళ వీధిలో మిగతావాళ్ళకు ఆమే చెబుతోంది.

రైల్లో చదివినవి నమోదు కాలేదు

పినాకినిలో ఒంగోలు నుంచి నెల్లూరు వస్తూ, డౌన్‌లోడ్ చేసుకున్న నాలుగు భాగాలు చదివేశారు. దిగే తొందరలో యాప్‌ను పక్కకు తోసి మూసేశారు, ఫోన్ బ్యాటరీ సేవర్‌లో ఉంది. చదివిన సమాచారం ఇంకా ఫోన్‌లోనే ఉంది, పైకి వెళ్ళే అవకాశమే దొరకలేదు. ఇంటికి రాగానే వైఫైలో అదే ఫోన్‌లో యాప్ తెరిచి, లైబ్రరీని కిందికి లాగి రిఫ్రెష్ చేయండి. అది అయ్యేదాకా ఇంట్లో ఉన్న ట్యాబ్‌లో ఆ సీరియల్ తెరవకండి. కొన్ని యాప్‌లలో, ఆఖరున ఏ పరికరంలో తెరిస్తే ఆ భాగమే నిలుస్తుంది.

ఒకటి రెండు భాగాలు అటూ ఇటూ అవుతోంది

రచయిత మధ్యలో ఒక ప్రకటన పెట్టి ఉంటారు, లేదా రెండు చిన్న భాగాలు కలిపేసి ఉంటారు. నంబర్లు జరిగాయి, అంతే. నంబరుతో పాటు ఆఖరి సన్నివేశం ఒక్క ముక్క రాసిపెట్టుకోండి. మా అమ్మ వారపత్రికల్లో సీరియల్ పేజీలు కత్తిరించి, సూదీ దారంతో కుట్టుకునేది. ఏ వారమైనా పత్రిక అందకపోతే, ఆ చోట ఒక తెల్లకాగితం కుట్టి పెన్సిల్‌తో తేదీ వేసేది. ఇప్పుడు మా ఆవిడ క్యాలెండర్‌లో పాల లెక్క పక్కనే రాస్తుంది: "58, పెళ్ళిచూపుల దగ్గర."

ఇవేవీ కాకపోతే ఫోన్‌లో తేదీ, టైమ్ తప్పుగా ఉండొచ్చు, సర్వర్ ఆ పూట పడిపోయి ఉండొచ్చు, రచయితే కథ తీసేసి ఉండొచ్చు. మొదటిది సరిచేసుకోండి, రెండోదానికి మర్నాడు చూడండి, మూడోదానికి రచయిత పేజీలో అడగండి.