చినుకు రాలుతుంది, నక్షత్రం ఎందుకు రాలదు? పిల్లలకు చెప్పే పద్ధతి

"వాన చినుకులు ఆకాశం నుంచి పడతాయి కదా, నక్షత్రాలు ఎందుకు పడవు?" అని పిల్లలు అడిగినప్పుడు చాలామంది పెద్దలు "అవి చాలా దూరంలో ఉన్నాయి కాబట్టి" అని ఊరుకుంటారు. సైన్సు పాఠాలు చెప్పుకుంటూ బతికే నాకు ఈ జవాబు చాలదు. అబద్ధమేమీ కాదు, కానీ సగమే నిజం. దూరమే కారణమైతే నక్షత్రాల కంటే ఎంతో దగ్గరగా ఉన్న చంద్రుడు ఎందుకు పడడు? ఆ రెండో ప్రశ్నకు కూడా నిలబడే జవాబే చెప్పాలి.

ముందు మీరేమీ చెప్పకండి. కాగితం, పెన్సిలు ఇచ్చి భూమిని, మేఘాన్ని, నక్షత్రాలను గీయమనండి. చిన్నపిల్లలు సాధారణంగా అడుగున ఒక అడ్డగీత, పైన మేఘాలూ నక్షత్రాలూ ఒకే వరుసలో గీస్తారు. చిక్కంతా ఆ బొమ్మలోనే ఉంది. ఆకాశం ఒక కప్పు అనీ, అన్నీ దానికే వేలాడుతున్నాయనీ అనుకుంటే నక్షత్రాలూ రాలాల్సిందే. ఇప్పుడు భూమిని గుండ్రంగా గీయించి, దాని చుట్టూ నాలుగు వైపులా నలుగురు మనుషులను నిలబెట్టి, ఒక్కొక్కరి మీద వాన గీయమనండి. నాలుగు వానలూ వృత్తం మధ్యకే వస్తాయి. "కింద" అంటే భూమి కేంద్రం వైపు అని అప్పుడు కంటికి కనిపిస్తుంది. గురుత్వాకర్షణ అనే పేరు ఇంకా అక్కర్లేదు. భూమి తన చుట్టూ ఉన్నవాటిని తన మధ్యకు లాగుతుందని చెబితే చాలు.

తర్వాత చినుకు దగ్గర కాసేపు ఆగండి. చాలామంది దీన్ని తొందరగా దాటేస్తారు, నాకు మాత్రం ఇది ఎంతో ఇష్టమైన చోటు. మేఘంలోని నీటి కణం వ్యాసం సుమారు 0.02 మిల్లీమీటర్లు. దాన్నీ భూమి లాగుతూనే ఉంటుంది. కానీ గాలి అడ్డుపడటం వల్ల అది సెకనుకు ఒక సెంటీమీటరు చొప్పున మాత్రమే దిగుతుంది. పైకి లేచే గాలి కాస్త ఉంటే చాలు, ఆ దిగడం కూడా ఆగిపోతుంది. అలాంటి కణాలు పది లక్షలు కలిస్తే 2 మిల్లీమీటర్ల చినుకు ఒకటి తయారవుతుంది. అది సెకనుకు ఆరేడు మీటర్ల వేగంతో పడుతుంది, గాలి దాన్ని మోయలేదు. దీన్ని చూపడానికి నిలువు అద్దం మీద నీళ్లు సన్నగా పిచికారీ చేయండి. చిన్న బిందువులు ఉన్నచోటే ఉంటాయి, రెండు మూడు కలవగానే జారిపోతాయి. ఒక్క జాగ్రత్త: అద్దం మీద బిందువును ఆపేది గాలి కాదు, నీరు అద్దానికి అంటుకునే గుణం. కలిసి బరువెక్కడం మాత్రమే ఇక్కడ మేఘానికి వర్తిస్తుంది. ఆ తేడా పిల్లలకు చెప్పేయండి, వాళ్లకు అర్థమవుతుంది.

ఇక దూరం. వాన మేఘాల అడుగు మన తల మీద ఒకటి రెండు కిలోమీటర్ల ఎత్తులోనే ఉండవచ్చు. సూర్యుడు కూడా ఒక నక్షత్రమే. ఆయన వ్యాసం దాదాపు 14 లక్షల కిలోమీటర్లు, మన నుంచి దూరం 15 కోట్ల కిలోమీటర్లు. సూర్యుణ్ణి టెన్నిస్ బంతి అనుకోండి. భూమి ఏడు మీటర్ల అవతల ఇసుక రేణువంత ఉంటుంది. ఆ ఏడు మీటర్లూ పిల్లల చేత నడిపించండి. సూర్యుడి తర్వాత మనకు అతి దగ్గరి నక్షత్రమైన ప్రాక్సిమా సెంటారీ ఆ లెక్కన సుమారు 1,900 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. ఇసుక రేణువు అంత దూరాన ఉన్నదాన్ని తన మీదికి లాక్కోగలదా అని అడిగి, జవాబు వాళ్లనే చెప్పనివ్వండి. సూర్యుడి బరువు భూమికి 3,33,000 రెట్లు. సూర్యుడు భూమి మీద పడటం కాదు, పడితే భూమే సూర్యుడిలో పడాలి.

మరి ఎందుకు పడటం లేదు? చంద్రుడి ప్రశ్నకూ జవాబు ఇక్కడే ఉంది. దారానికి రాయి కట్టి తిప్పి చూపించడం చాలామందికి అలవాటు, నేను దాన్ని వాడను. చంద్రుణ్ణి ఏదో తాడు పట్టుకుందన్న భ్రమ పిల్లల్లో ఉండిపోతుంది. దాని బదులు బల్ల మీద నుంచి ఒక బంతిని మెల్లగా దొర్లించి కింద పడనివ్వండి. తర్వాత వేగంగా, ఇంకా వేగంగా దొర్లించండి. పడటం ఎప్పుడూ మానదు, కానీ పడే చోటు దూరం జరుగుతుంది. న్యూటన్ ఆలోచన ఇదే: ఎత్తైన కొండ మీద నుంచి ఫిరంగి గుండును అడ్డంగా, చాలినంత వేగంతో పేల్చితే, అది పడుతున్న కొద్దీ గుండ్రటి నేల కూడా వంగిపోతుంది. గాలి అడ్డు లేకపోతే గుండు నేలను తాకకుండా భూమి చుట్టూ తిరుగుతూనే ఉంటుంది. పెద్ద పిల్లలకైతే లెక్క చూపండి. వదిలిన వస్తువు మొదటి సెకనులో సుమారు 5 మీటర్లు పడుతుంది, నేల 8 కిలోమీటర్లకు దాదాపు 5 మీటర్లు వంగుతుంది. కాబట్టి కావలసిన వేగం సెకనుకు 8 కిలోమీటర్లు.

చంద్రుడు సెకనుకు ఒక కిలోమీటరు పక్కకు వెళ్తూ, ఆ సెకనులోనే భూమి వైపు దాదాపు 1.4 మిల్లీమీటర్లు పడుతున్నాడు. భూమి సూర్యుడి వైపు సెకనుకు 3 మిల్లీమీటర్లు పడుతోంది. నక్షత్రాలు కూడా మన నక్షత్ర సమూహమైన పాలపుంత కేంద్రం చుట్టూ తిరుగుతూ ఇలాగే పడుతున్నాయి, సూర్యుడి వేగం సెకనుకు సుమారు 220 కిలోమీటర్లు. అంటే నక్షత్రాలు పడవని కాదు, మన వైపు పడవని చెప్పాలి. కదిలితే కనబడదేమని అడిగితే, దూరం వల్ల ఆ కదలిక మన కంటికి అందదని చెప్పండి. ప్రాచీన గ్రీకుల లెక్కలతో పోల్చి, కొన్ని నక్షత్రాలు చోటు మారాయని ఇంగ్లండు ఖగోళ శాస్త్రవేత్త ఎడ్మండ్ హేలీ 1718లో గుర్తించాడు.

చివరికి ఎవరో ఒకరు "నేను రాలే నక్షత్రాన్ని చూశాను" అంటారు. కొట్టిపారేయకండి, వాళ్లు చూసింది నిజమే. కాకపోతే అది నక్షత్రం కాదు, ఉల్క. చాలా ఉల్కలు ఇసుక రేణువంత లేదా చిన్న రాయంత ఉంటాయి. సెకనుకు పదుల కిలోమీటర్ల వేగంతో గాలిలోకి దూసుకొచ్చి, సుమారు వంద కిలోమీటర్ల ఎత్తున మండిపోతాయి. డిసెంబరు 13, 14 తేదీల రాత్రుల్లో జెమినిడ్ ఉల్కలు బాగా కనిపిస్తాయి. టెలిస్కోపు అక్కర్లేదు. దీపాలు లేని చోట కూర్చుని, కళ్లు చీకటికి అలవాటు పడటానికి ఇరవై నిమిషాలు ఇవ్వండి, ఆ సమయంలో ఫోను తెర చూడనివ్వకండి.