నర్సింగ్ పాఠాలు – 4: న్యుమోనియాను పసిగట్టడం, ఆక్సిజన్ పెట్టడం

గత పాఠంలో స్టెతస్కోపుతో ఊపిరితిత్తుల శబ్దాలు వినడం నేర్చుకున్నాం. ఈసారి స్టెతస్కోపు మెడలోనే ఉండనివ్వండి. ముందు కావలసింది సెకన్ల ముల్లున్న గడియారం.

శ్వాస లెక్కను చాలాచోట్ల చూపు అంచనాతోనే రాసేస్తారు. చార్టు తిరగేస్తే వార్డు మొత్తానికి 20 లేదా 22. న్యుమోనియా ముదురుతున్న సంగతి తరచు ముందుగా బయటపడేది ఆ గడిలోనే. అందుకే పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టాలి. పసిపిల్లల ఊపిరి ఒకే తీరుగా సాగదు, 15 సెకన్లు చూసి నాలుగుతో హెచ్చవేస్తే తప్పుతుంది. బిడ్డ ఏడుస్తుంటే ఊరుకునేదాకా ఆగి, చొక్కా పైకి లేపి పొట్ట కదలిక చూడండి. నిమిషానికి రెండు నెలల లోపు బిడ్డకు 60, ఏడాది లోపు 50, ఐదేళ్ల లోపు 40. అంతకు చేరినా, దాటినా వేగంగా ఉన్నట్టే. డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగలేకపోతున్నా, మత్తుగా పడి ఉన్నా డాక్టర్‌ను వెంటనే పిలవండి.

పెద్దవాళ్లలో 30 అంటే ప్రమాదమే. ముసలివాళ్లకైతే జ్వరం, దగ్గు లేకుండానే న్యుమోనియా రావచ్చు. "నిన్నటి సంది మా నాయినకు సోయి లేదు, ఏందేందో మాట్లాడుతుండు" అని కొడుకు చెబితే వయసు మీద వేసి వదిలేయకండి. శ్వాస లెక్క, బీపీ, ఆక్సిమీటర్ (వేలికి తగిలిస్తే రక్తంలో ఆక్సిజన్ శాతం చూపేది) మూడూ చూడాల్సిందే.

చలికాలం పొద్దున్నే ములుగు వైపు నుంచి ఆటోలో వచ్చినవాళ్ల వేళ్లు మంచులా ఉంటాయి. అప్పుడు ఆక్సిమీటర్‌ను నమ్మలేం. వేలు వెచ్చబరచి, నెయిల్ పాలిష్ ఉంటే తుడిచి పెట్టండి. అది చూపే పల్స్, మణికట్టు దగ్గర మీరు చూసిన నాడి కలిస్తేనే ఆ అంకె రాయాలి.

మామూలు రోగికి ఆక్సిమీటర్‌లో 94–98 శాతం మన లక్ష్యం. ఏళ్ల తరబడి బీడీలు తాగి దమ్ము పట్టినవాళ్లకు 88–92 చాలు. వీళ్లకు ఆక్సిజన్ ఎక్కువైతే కార్బన్ డయాక్సైడ్ పేరుకుని మత్తు కమ్ముతుంది. అప్పటిదాకా ఆయాసంతో కూర్చున్న మనిషి ఉన్నట్టుండి కళ్లు మూస్తే "పాపం, ఇప్పుడైనా నిద్రపట్టింది" అనుకునేరు. తట్టి లేపి చూడండి.

ముక్కు గొట్టాలతో నిమిషానికి 1–4 లీటర్లు ఇవ్వొచ్చు. మామూలు మాస్క్‌కు 5 కంటే తగ్గించకూడదు, వదిలిన గాలినే మళ్లీ పీలుస్తారు. సంచి ఉన్న మాస్క్‌కు 10–15 కావాలి. సంచి నిండాకే ముఖానికి పెట్టండి; ఊపిరి తీసినప్పుడల్లా అది పూర్తిగా ముడుచుకుపోతుంటే ఫ్లో పెంచాలి. ఎన్ని లీటర్లు వెళ్తోందో చూపే ఫ్లోమీటర్‌లో అంకె చూడాల్సింది బంతి నడిమధ్యకు, కళ్లు దానికి సమానంగా పెట్టి. తలవైపు మంచం ఎత్తడం మరవకండి. డాక్టర్ రాసిన యాంటీబయాటిక్ మొదటి డోసు ఆలస్యం కానివ్వొద్దు. ఆక్సిజన్ పెట్టిన కాసేపటికే మళ్లీ నిమిషం లెక్క మొదలు. ఆక్సిమీటర్ అంకె 96కి వచ్చినా శ్వాస 36 దగ్గరే ఉంటే రోగి బాగుపడినట్టు కాదు.

అభ్యాసం: నిండు బీ టైప్ సిలిండర్‌లో సుమారు 1500 లీటర్లు ఉంటాయి. గేజ్ సగమే చూపిస్తోంది. ఏటూరునాగారం నుంచి వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి రోగిని 10 లీటర్ల ఫ్లోతో అంబులెన్స్‌లో పంపాలి, దారి రెండు గంటలపైనే. ఆ సిలిండర్ ఎన్ని నిమిషాలు వస్తుంది? బండి కదిలేముందు మీరేం అడుగుతారు? జవాబు 5వ పాఠంలో.