ఉప్పలపాడు కొంగలను చూడబోయే ముందు

గుంటూరు పక్కనే ఉన్న ఉప్పలపాడు చెరువుకు పొద్దున్నే వెళ్ళండి. టోపీ, నీళ్ళ సీసా, బైనాక్యులర్ ఉంటే చాలు. మెరిసే రంగుల బట్టలు వద్దు. ఫోన్ సైలెంట్‌లో పెట్టండి.

అసలు జాగ్రత్త గూళ్ళ విషయంలోనే. ఎగిరితే ఫొటో బాగుంటుందని చప్పట్లు కొట్టకండి, రాళ్ళు విసరకండి. డ్రోన్ అసలే వద్దు. తల్లి లేచిన రెండు నిమిషాల్లోనే కాకి గుడ్డు ఎత్తుకుపోగలదు. ఎండెక్కాక చూడండి, ఎర్రకాళ్ళ కొంగ రెక్కలు గొడుగులా విప్పి పిల్లలకు నీడ పడుతుంది. మన అలికిడికి అది లేచిపోతే ఆ పసికూనలు ఎండకు తట్టుకోలేవు. గూడబాతు (పెలికాన్) పిల్లయితే తల్లి ముక్కు సంచిలోకి తల దూర్చి మరీ చేపలు తింటుంది. అది చూడటానికి అరగంట కదలకుండా నిలబడినా తప్పులేదు.

పక్షిపిల్ల గూటి నుంచి కింద పడితే మీరు పట్టుకోకండి, అక్కడి సిబ్బందికి చెప్పండి. చిప్స్ కవర్లు మీ సంచిలోనే వెనక్కి తెచ్చేయండి.