ఎండ చూసి, నెల చూసి: పెరటి పూలతోటకు ప్లాన్

చాలామంది తొలకరి పడగానే నర్సరీకి వెళ్ళి, ఆ రోజు పూత మీదున్న మొక్కలు తెచ్చి, ఖాళీ కనిపించిన చోటల్లా నాటేస్తారు. కార్తీకం వచ్చి పూజకు పూలు కావలసిన వేళకు తోటలో ఆకులే మిగులుతాయి. మొక్క కొనేముందు రెండు విషయాలు తేలాలి: అది ఏ నెలల్లో పూస్తుంది, ఆ నెలల్లో ఆ చోట ఎండ ఉంటుందా? మిగతా ప్లానంతా ఈ రెండింటి మీదే నిలుస్తుంది.

ముందు నీడను కొలవండి

ఎండ ఏడాదంతా ఒకేచోట పడదు. హైదరాబాద్‌లో డిసెంబరు చివర మిట్టమధ్యాహ్నం 20 అడుగుల ఎత్తున్న ఇంటి నీడ ఉత్తరం వైపు దాదాపు 17 అడుగులు పరుచుకుంటుంది. మార్చి ఆఖరుకు అది దాదాపు ఐదడుగులకు తగ్గిపోతుంది. జూన్‌లో మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగానే ఉంటాడు కాబట్టి ఇంటికి ఉత్తరాన కూడా నేరుగా ఎండ తగులుతుంది. ఎండాకాలంలో పూసే మల్లె ఉత్తరపు పెరట్లోనూ నెగ్గుకొస్తుంది కానీ, చలికాలంలో పూసే చామంతిని అక్కడ పెడితే కాడలు సాగి పడిపోతాయి, మొగ్గ సరిగా రాదు.

గోడ ఎత్తులో 85 శాతం లెక్క వేస్తే డిసెంబరు మధ్యాహ్నపు నీడ వచ్చేస్తుంది. 5 అడుగుల ప్రహరీకి నాలుగడుగుల పైచిలుకు. ఉదయం, సాయంత్రం ఇంకా పొడవు. సెలవు రోజున ఉదయం 9కి, మధ్యాహ్నం 12కి, 3కి ముగ్గుపిండితో నీడ అంచులు గీసి కాగితం మీదకు ఎక్కించుకోండి. పక్కింటి మేడనూ వేపచెట్టునూ లెక్కలోంచి వదలకండి.

నేల సంగతి

అడుగు లోతు గుంత తీసి నీళ్ళు నింపండి. అవి ఇంకాక మళ్ళీ నింపండి. రెండోసారి పోసినవి నాలుగైదు గంటలకూ ఇంకకపోతే, నల్లరేగడిలో తరచూ అలాగే అవుతుంది, మడిని 9 అంగుళాలు ఎత్తు చేసుకోవాలి. కొత్తగా కట్టిన ఇళ్ళలో సిమెంటు, సున్నం ముక్కలు మట్టిలో కలిసిపోయి ఉంటాయి. అడుగు లోతు వరకు తీసేసి ఎర్రమట్టి రెండు పాళ్ళు, మాగిన పశువుల ఎరువు ఒక పాలు కలిపి నింపండి. ఆ పని ఎగ్గొడితే మల్లె ఆకు పసుపైపోయి ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. మట్టిలో ఇనుము ఉన్నా సున్నం వల్ల వేరుకు అందకపోవడమే కారణం. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి వారానికోసారి చొప్పున రెండు మూడుసార్లు పిచికారీ చేస్తే ఆకు తేరుకుంటుంది.

మడుల అమరిక

ఇంటికి దక్షిణాన 20 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు స్థలం, దాని అంచున 5 అడుగుల ప్రహరీ ఉన్నాయనుకుందాం. ప్రహరీ వెంబడి రెండున్నర అడుగుల మడి, తర్వాత ఒకటిన్నర అడుగు నడవ, ఆపైన 3 అడుగుల మడి, ఇంటి గోడకు ఆనుకుని అడుగు ఖాళీ. ఆ ఖాళీ వదలకపోతే తడి పునాదికి చేరుతుంది. నడవ ఒక పక్కనే ఉన్న మడి మూడడుగులు దాటితే అవతలి పువ్వు కోయాలంటే మట్టిని తొక్కాల్సిందే. తొక్కిన మట్టి గట్టిపడి వేరు ఆగిపోతుంది.

ప్రహరీ మడిలో చలికాలమంతా నీడే. అది కనకాంబరానికి ఇవ్వండి, ఓ మోస్తరు నీడను అది ఓర్చుకుంటుంది. 15 అడుగుల మేర రెండు వరసల్లో అడుగు ఎడంగా 30 మొక్కలు పడతాయి. ఢిల్లీ కనకాంబరం విత్తనం కట్టదు, కొమ్మ కత్తిరింపులతోనే పెంచాలి. మిగిలిన పడమటి 5 అడుగుల్లో ఒక్క మందారం చాలు.

ఇంటి వైపు మడిలో తూర్పున 8 అడుగులు రెండు గుండుమల్లెలకు, నడుమ 6 అడుగులు చామంతికి (అడుగు ఎడంగా 12), పడమటి 6 అడుగులు బంతికి (ఒకటిన్నర అడుగు ఎడంగా 8). బంతిని చామంతికి దక్షిణాన నాటొద్దు, మూడడుగులు ఎదిగి ఎండనంతా తీసేసుకుంటుంది. మల్లె సాయంత్రం విచ్చుకుంటుంది కాబట్టి కిటికీ దగ్గరో, కూర్చునే అరుగు దగ్గరో ఉంటే ఆ వాసన ఇంటికి దక్కుతుంది. పారిజాతానికి, నందివర్ధనానికి ఇక్కడ చోటు లేదు, వాటిని ఇంటికి తూర్పున పెట్టుకోండి. పారిజాతం కింద నేల శుభ్రంగా అలికి ఉంచితే తెల్లారి రాలిన పూలు మట్టి అంటకుండా ఏరుకోవచ్చు.

నెలల లెక్క

బంతి విత్తిన 60-70 రోజులకు పూస్తుంది. దసరా ఏ తేదీకి పడిందో చూసి అక్కడి నుంచి 70 రోజులు వెనక్కి లెక్కించి విత్తండి, సుమారు జులై, ఆగస్టుల్లో పడుతుంది. సంక్రాంతి పూలకు అక్టోబరు చివర ఇంకో విడత పోయాలి. నారు నాలుగు ఆకులేశాక మడిలోకి మార్చండి.

చామంతి పిలకలు జూన్-జులైలో నాటాలి. నెల తర్వాత చిగురు తుంచితే పక్క కొమ్మలొచ్చి పూలు ఎక్కువవుతాయి. నవంబరు నుంచి జనవరి దాకా పూస్తుంది. ఇక్కడ ఎక్కువమంది గమనించని సంగతి ఒకటుంది: రాత్రులు పొడవైతేనే చామంతి మొగ్గ తొడుగుతుంది. వీధి దీపమో వరండా బల్బో రాత్రంతా దాని మీద పడితే, ఎన్ని ఎరువులు వేసినా ఆకే పెరుగుతుంది.

మల్లెకు ఒకటిన్నర అడుగుల గుంత, 10 కిలోల పశువుల ఎరువు, పావుకిలో వేపపిండి. మొక్క ఎదిగాక అసలు మెలకువ చలికాలంలో ఉంది. నవంబరులో నీళ్ళు ఆపి, డిసెంబరు-జనవరిలో నేల నుంచి ఒకటిన్నర అడుగు ఎత్తుకు కొమ్మలు కత్తిరించి, మిగిలిన ఆకులు దూసేసి, అప్పుడు ఎరువు వేసి నీళ్ళు పెట్టండి. మల్లె పూసేది కొత్త కొమ్మ మీదే. పచ్చగా ఉందని జాలిపడి కత్తెర పెట్టకపోతే మార్చిలో పది మొగ్గలు కూడా రావు. మల్లె లేని చలికాలానికి ప్రహరీ మీద పాకేలా ఒక కాగడా తీగ పెట్టుకోండి.

తెగుళ్ళు, జాగ్రత్తలు

మందారం చిగురు ముడుచుకుని తెల్లగా దూదిలా కనిపిస్తే పిండినల్లి వచ్చినట్టే. ముందు కాండం మీద చీమల బారు ఉందేమో చూడండి. పిండినల్లి విసర్జించే తీపి రసం కోసం చీమలే దాన్ని కాపాడుతూ కొమ్మకొమ్మకు పాకిస్తాయి. పట్టిన చిగుళ్ళు తుంచి కవరులో వేసి పారేసి, మిగిలిన చోట నీటి ధార గట్టిగా కొట్టి, సాయంత్రం పూట లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బునీళ్ళు కలిపి ఆకు అడుగున తడిసేలా చల్లండి. వారం ఆగి మళ్ళీ చల్లాలి, గుడ్ల నుంచి వచ్చిన పిల్లలు అప్పటికి బయటికొస్తాయి. చీమల బారు ఆగనంతవరకు ఆ మందు నిలవదు.

కనకాంబరం ఎండకు కాకుండా వాడుతుంటే ఒక మొక్క పీకి వేళ్ళు చూడండి. బుడిపెలుంటే నులిపురుగులు. ఆ మడిలో ఒక పంటకాలం బంతి వేసి, మళ్ళీ కనకాంబరం నాటే ముందు చదరపు అడుగుకు గుప్పెడు వేపపిండి కలపండి.

గన్నేరు ఏడాదంతా పూస్తుందని చాలామంది పెట్టుకుంటారు. ఆకు, పువ్వు, కొమ్మ, వేరు అన్నీ విషమే. చిన్నపిల్లలున్న ఇంట్లో, పశువులు నోరు పెట్టే గేటు పక్కన అది వద్దు.